లంఖణం ఎవరికి ఔషధం?

"లంఖణం పరమౌషధం" అన్నారు మన పెద్దలు. జ్వరం తగిలినప్పుడో, అజీర్తి చేసినప్పుడో ఒకటి రెండు పూటలు గంజినీళ్ళతో గడిపి దేహానికి విశ్రాంతినివ్వవలెనని వారి ఉద్దేశం. ఆ ఔషధానికి మోతాదు ఉన్నది, గడువు ఉన్నది. ఒళ్ళు తగ్గుటకై నెలల తరబడి అన్నం మానుకొమ్మని వారు ఏనాడూ చెప్పలేదు. నేటి యువతరంలో కొందరు మోతాదును, గడువును విడిచిపెట్టి, ఔషధమన్న మాటను మాత్రమే పట్టుకొన్నారు.

ఈ విషయం వ్రాయుటకు కారణం లేకపోలేదు. గత సంవత్సరం మేము పద్యపాఠం చెప్పుచుండగా ఒక విద్యార్థిని ప్రశ్నకు సమాధానం చెప్పుటకు లేచి, అట్లే నేలకొరిగినది. రోజా ఉన్నదేమోననుకొందుమా, అది రంజాను మాసం కాదు. తోటి పిల్లలను విచారించగా, నెల రోజులుగా ఆమె పగలు నాలుగు దోసకాయ ముక్కలు, రాత్రి గ్లాసెడు మజ్జిగ తప్ప మరేమీ ముట్టడం లేదని తెలిసినది. బంధువుల పెళ్ళిలో ఒక పెద్దావిడ నలుగురిలో ఆమెను చూపి, "ఇంత లావు పిల్లకు సంబంధం ఎట్లా కుదురుతుందమ్మా?" అన్నదట. ఆ పెద్దావిడ ఆ మాటను ఆనాడే మరచియుండును. ఈ పిల్ల మరువలేదు.

స్థూలకాయం మంచిదని మేము చెప్పబోవడం లేదు. మధుమేహం, రక్తపోటు, కీళ్ళ నొప్పులు దాని వెంట వచ్చునని అందరికీ తెలిసినదే. బరువు తగ్గవలసినవారు తగ్గవలసినదే. కాని తగ్గుట వేరు, కృశించుట వేరు.

ఆహారం ఒక్కసారిగా తగ్గినప్పుడు దేహం దానిని కరవుగానే భావించును. ఆ కరవు వానలు లేక వచ్చినదో, అద్దంలో ముఖం చూచుకొని తెచ్చుకొన్నదో దానికి తెలియదు. మొదటి వారంలో తూకం వేగంగా పడిపోవును. ఆ పోయినదానిలో ఎక్కువ భాగం నీరే. పోయినది కొవ్వేనని మనము మురిసిపోదుము. పిదప కొవ్వుతో పాటు కండరాలు కూడ కరుగును. గుండె కూడ ఒక కండరమే గదా! రక్తంలో పొటాషియం వంటి లవణాలు తగ్గినచో గుండె లయ తప్పి, ప్రాణం మీదికే రావచ్చును. ఆడపిల్లలకు నెలసరి ఆగిపోవుట, ఎముకలు బలహీనపడుట, జుట్టు రాలుట, పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడుట వైద్యులు ఎరిగిన విషయాలే. మరొక చిత్రమేమనగా, దేహం ఆ కరవుకు అలవాటుపడి తన ఖర్చును తగ్గించుకొనును. తిరిగి మామూలుగా తిన్ననాడు పోయిన బరువు త్వరగా వచ్చి చేరును.

ఇది ఊహ కాదు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 1944-45లో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వారి సమ్మతితోనే, ఆరు నెలల పాటు మునుపటిలో సుమారు సగం ఆహారమే ఇచ్చి పరీక్షించినాడు. యుద్ధంలో ఆకలికి మాడినవారిని మరల ఎట్లు కోలుకొనజేయవలెనో తెలిసికొనుట ఆయన ఆశయం. ఆ యువకుల బరువు నాలుగవ వంతు తగ్గినది. గుండె వేగం మందగించినది, కాళ్ళకు నీరు పట్టినది, వేసవిలోనూ చలి వేసినది. అంతకన్న గమనించదగినది వారి మనస్సు. చదువు మీద, స్నేహితుల మీద ఆసక్తి నశించి, పగలూ రాత్రీ తిండి ధ్యాసే మిగిలినది. కొందరు వంటల పుస్తకాలు సేకరించుకొని చదువసాగినారు. ఆకలి దేహాన్నే గాక బుద్ధిని కూడ తినివేయునని దీనివలన తెలియుచున్నది. విద్యార్థులకు ఇంతకన్న నష్టమేమున్నది?

అదే దేశంలో 1970 దశకంలో భోజనానికి బదులు ద్రవరూపంలో మాంసకృత్తులు త్రాగి సన్నబడు పద్ధతి ప్రబలినది. 1977-78 నాటికి అది పాటించినవారిలో దాదాపు 60 మంది మరణించినట్లు నమోదైనది. సుప్రసిద్ధ గాయని కారెన్ కార్పెంటర్ తిండి మానుకొను వ్యాధికి లోనై 1983లో గుండె ఆగి మరణించినది. ఆమె వయస్సు 32 ఏండ్లు మాత్రమే.

అది సంపన్న దేశం సంగతి. మన సంగతి ఏమి? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పరిస్థితి ఇంతకన్న మెరుగు కాదు. చూపునకు బొద్దుగా ఉన్న పిల్లకు కూడ రక్తం తక్కువగా ఉండవచ్చును. అసలే గింజలు లేని గాదెను అడుగంట ఊడ్చినచో మిగులునదేమి?

మన విద్యార్థినులలో కొందరు రంజాను మాసాన్ని సన్నబడుటకు సాధనంగా వాడుకొనుట కూడ మేము గమనించినాము. సహరీకి లేవరు, ఇఫ్తారు వేళ ఒక ఖర్జూరంతో సరిపెట్టుకొందురు. రోజాకు సంకల్పం ఉన్నది, వేళ ఉన్నది, విరమణ ఉన్నది. రోగులకు, ప్రయాణికులకు దివ్య ఖురానే వెసులుబాటు కల్పించినది. సహరీ భుజించుటలో శుభమున్నదని దైవప్రవక్త (స) తెలిపినారు. విడువక ఉపవాసముండు ఒక అనుచరునికి, దేహానికి కూడ నీపై హక్కున్నదని వారు బోధించినారు. ఆ హక్కును కాలరాయుట ఆరాధన ఎట్లగును?

కావున మేము చెప్పదలచినది రెండే మాటలు. మొదటిది పిల్లలకు: బరువు తగ్గవలెనన్నచో వైద్యుని సంప్రదించి, వారానికి అరకిలో చొప్పున నిదానంగా తగ్గండి. నూనె, చక్కెర తగ్గించి, పప్పు, ఆకుకూరలు, గుడ్డు మానక, రోజూ నడవండి. ఇదివరకే చాల కాలం పస్తులున్నవారు ఒక్కసారిగా విందుభోజనం చేయుట కూడ ప్రమాదమే. అదియు వైద్యుని సలహాపైనే జరుగవలెను. రెండవది పెద్దలకు: పిల్లల ఒంటి మీద నలుగురిలో మాట విసరకండి. ఆ పిల్లను పడగొట్టినది ఆకలి ఒక్కటే కాదు, ఆ మాట కూడ.

ఆ విద్యార్థిని ప్రస్తుతం తృతీయ సంవత్సరంలో ఉన్నది. మధ్యాహ్నం చెట్టు క్రింద స్నేహితురాండ్రతో కలిసి టిఫిను డబ్బా విప్పుట మేము చూచినాము. ఆమె తల్లి ఇప్పుడు డబ్బాలో రెండు రొట్టెలు ఎక్కువ పెట్టి పంపుచున్నదట. ఒకటి తనకు, ఒకటి ఇంకా తినక కూర్చున్న పిల్ల ఎవరైనా ఉన్నచో ఆమెకు.