ముక్క చేతికిండు, కథ తానే వచ్చును

పేకముక్క యనగానే మన పెద్దలు కనుబొమలు ముడివేయుట సహజమే. పండుగనాళ్లలో తోటలమాటున సాగు పందెములు ఎన్ని కొంపలు కూల్చినవో గోదావరి మండలమువారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఐనను నేనిందు ముక్కల పక్షమున వాదింపబూనితిని.

1974లో గైగాక్స్, ఆర్నెసన్ అను ఇద్దరు అమెరికనులు వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మొదలుకొని, బల్లచుట్టు కూర్చుండి తలకొక పాత్ర ధరించి మాటలతోనే సాహసములు నడపు క్రీడ లోకమంతట వ్యాపించినది. అందు పాచికలు వీరుడు గోడ దూకెనా, క్రిందబడెనా యన్నంతవరకే తేల్చును. కథాభారము మిక్కిలిగా ఆట నడపువాని నెత్తిననే పడును. 1995లో జోనథన్ ట్వీట్ కల్పించిన ‘ఎవర్‌వే’ అను ఆటలో పాచికలే లేవు: బొమ్మలను జూచి పాత్రను అల్లుకొందురు, ముక్క తీసి అందలి చిత్రమునుబట్టి పైకథ ఊహింతురు.

ఇది మనకు కొత్తవిద్య కాదు. అవధానమున పృచ్ఛకుడు పొంతనలేని నాలుగు పదములిచ్చి, ఫలానా విషయముపై పద్యము చెప్పుమనును; దీనినే దత్తపది యందురు. ఆ నిర్బంధమే కవి ఊహకు తలుపు తెరచును. భీమవరపు సీమలోని యెండగండిలో 1872లో జన్మించిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును, వారి జంటకవి చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును ఊరూర సభలుచేసి జనులకు రుచిచూపిన విద్య యిది. బొమ్మముక్క ఛందస్సు లేని దత్తపది.

పోయిన వేసవిలో ఏలూరున మా యింటికి తాడేపల్లిగూడెమునుండి మేనల్లుడు వచ్చెను. అడిగినదానికి ‘ఊఁ’ యనుటయే గాని పెదవి విప్పని పిల్లవాడు. అట్టముక్కలపై గూడబాతును, తాటిదోనెను, తాళంచెవిని గీసి చాపపై పరచితిని. వాడు చాలసేపు చూచి, తాళంచెవి ముక్కను మెల్లగా దోనె క్రిందికి త్రోసి, “మావయ్యా, ఇది కొల్లేట్లో మునిగిపోయిన ఇంటి తాళం. ఆ ఇల్లెక్కడుందో గూడబాతుకే తెలుసు” అనెను.

“దానికెలా తెలుసురా?”

“చేపల్నడిగింది.”

అంతవరకు గుమ్మములో నిలిచియున్న వాని చెల్లెలు వచ్చి చాపపై చతికిలబడి, “అయితే ఆ చేపని నేనే. ఊరికే చెప్పను” అనెను. దీపములు పెట్టువరకు ఆ బేరము తెగలేదు.

ఇట్టి ముక్కలు కొల్లేటి సీమకు కొదువా? కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి, తమ్మిలేటి వరద, ఆటపాక పక్షులు. కోటను ముట్టడించిన శత్రువులు సరస్సు నీరు తీయుటకు ఉప్పుటేరు త్రవ్విరను జనశ్రుతి. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేర తెగగొట్టిన చేపలచెరువు గట్టునుగూడ నేనొక ముక్కపై గీయుదును. అది పడినవాడు చెరువు పోగొట్టుకొన్న రైతే కావచ్చును, తిరిగివచ్చిన కొంగయే కావచ్చును. ఎవరిది న్యాయమో మాత్రము ముక్కపై వ్రాయరాదు. నీతివాక్యము అచ్చువేసిన ముక్క పాఠ్యపుస్తకమగును. మార్కులు పెట్టితిరా, పిల్లవాడు మరల ‘ఊఁ’ యనుటకే దిగును.

మన శాఖాగ్రంథాలయములు వేసవిలో ఈ పని తలకెత్తుకొనవలెనని నా కోరిక. ఖర్చందురా, పాత పెండ్లిశుభలేఖల వెనుకవైపు ఖాళీగానే యుండును.