పింఛను సొమ్ములో ఇంటర్నెట్ వాటా ఎంత?

నెల మొదటి తేదీ సమీపిస్తున్నదంటే బొమ్మనహళ్ళిలోని తెలుగు ఇళ్ళలో ఒక కదలిక కనిపిస్తుంది. కొడుకు వద్దనో, కూతురి వద్దనో ఉంటున్న తల్లిదండ్రులు పింఛను కోసం ఊరికి బయలుదేరుతారు. హిందూపురం, మడకశిర, పలమనేరు, కుప్పం ప్రాంతాల పల్లెల నుంచి హోసూరు రోడ్డు వెంబడి వస్త్ర పరిశ్రమలకు, చిన్నా పెద్దా కార్యాలయాలకు వలస వచ్చిన కుటుంబాలకు ఈ రాకపోకలు కొత్త కాదు. బొమ్మనహళ్ళి 2007లో బృహత్ బెంగళూరు మహానగర పాలికెలో విలీనమైంది. 2025 ఆగస్టులో మెట్రో పసుపు మార్గం ప్రారంభమై రైలు కూడా వచ్చింది. అయినప్పటికీ అక్కడి అద్దె ఇంటి లెక్క ఇప్పటికీ పల్లెలోని లెక్కతోనే ముడిపడి ఉన్నది.

ఆ లెక్కలోకి ఇటీవలి సంవత్సరాలలో చేరిన కొత్త పద్దు ఇంటర్నెట్. "అమ్మానాన్నలకు ఇంట్లో నెట్టు పెట్టించాలి, తక్కువలో ఏది దొరుకుతుంది?" అన్న ప్రశ్న ఇప్పుడు ప్రతి కుటుంబంలోనూ వినిపిస్తున్నది. ఇది విలాసం కాదు. ఉద్యోగుల భవిష్య నిధి పింఛనుదారులు ఏటా సమర్పించవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని ఇంటి వద్దనే ఫోనులో ముఖం చూపి ఇచ్చే సదుపాయం 2022 జూలై నుంచి ఉన్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో 'మన మిత్ర' పేరిట వాట్సాప్ పాలనను ప్రారంభించింది. పొలం అడంగల్ మొదలు మనుమరాలి ముఖం వరకు అన్నీ ఆ చిన్న తెరపైనే చూడవలసి వస్తున్నది. కనుక అవసరమా, కాదా అన్న చర్చ ముగిసిపోయింది. ఎంత ఖర్చుకు, ఏ రూపంలో అన్నదే ఇప్పుడు మిగిలిన ప్రశ్న.

ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 2024 జూలై పంపిణీ నుంచి నెలకు 4,000 రూపాయలు అయింది. ఉద్యోగుల పింఛను పథకం, అంటే 1995 నాటి పథకం కింద కనీస పింఛను 2014 సెప్టెంబరులో 1,000 రూపాయలుగా నిర్ణయమైంది. కర్మాగారాలలో, చిన్న సంస్థలలో పనిచేసి విరమించినవారిలో అనేకులు ఈ కనీస మొత్తానికి కాస్త అటూ ఇటూగా పొందుతున్నవారే. ఇక ఇంటర్నెట్ ధరను చూద్దాం. జియో ఫైబర్ 2020 సెప్టెంబరులో 30 ఎంబీపీఎస్ వేగంతో 399 రూపాయల పథకాన్ని తెచ్చింది. అదే నెలలో ఎయిర్‌టెల్ 40 ఎంబీపీఎస్‌తో 499 రూపాయల పథకాన్ని ప్రకటించింది. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే ఈ అంకెలకు 18 శాతం జీఎస్టీ అదనం. దానితో 399 కాస్తా సుమారు 471 అవుతుంది. 499 దాదాపు 589కి చేరుతుంది.

నెలకు 471 రూపాయలంటే 4,000 పింఛనులో దాదాపు 12 శాతం. 1,000 పింఛనులో 47 శాతం. ఐక్యరాజ్యసమితి ప్రోత్సాహంతో ఏర్పడిన బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ ప్రాథమిక ఇంటర్నెట్ ధర తలసరి ఆదాయంలో 2 శాతానికి లోపు ఉండాలని 2025 సంవత్సరానికి లక్ష్యంగా పెట్టింది. ఆ కొలతను దేశ సగటు ఆదాయానికి బదులు మన పెద్దల పింఛనుకు వర్తింపజేస్తే, 4,000 రూపాయలు పొందేవారికి 80 రూపాయలకు ఇంటర్నెట్ దొరకాలి. భారతదేశంలో డేటా చౌక అన్న మాట సంపాదించేవానికి నిజం కావచ్చును. పింఛనుపై బ్రతికేవారి విషయంలో ఆ మాటను సరిచూసుకోవలసి ఉన్నది.

నెల ధర కాదు, ఏడాది మొత్తం

చాలా కుటుంబాలు పొరబడేది ఇక్కడే. ఇంటి కనెక్షన్ ధరను నెల లెక్కన, మొబైల్ రీఛార్జిని 28 రోజుల లెక్కన చూసి పోల్చుతారు. 28 రోజులు నెల కాదు. ఏడాదికి 12 మార్లు కాక 13 మార్లు రీఛార్జి చేయించవలసి వస్తుంది. ఈ విషయమై వచ్చిన ఫిర్యాదుల ఫలితంగానే ప్రతి సంస్థా 30 రోజుల పథకం ఒకటి, ప్రతి నెలా అదే తేదీన పునరుద్ధరించుకోదగినది ఒకటి తప్పనిసరిగా ఉంచాలని ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశించింది. దుకాణదారు వాటిని తనంత తానుగా చెప్పకపోవచ్చును, మనమే అడగాలి.

జియోలో రోజుకు 1.5 జీబీ డేటా ఇచ్చే 28 రోజుల పథకం 2024 జూలై పెంపుతో 239 నుంచి 299 రూపాయలకు చేరింది. 13 మార్లకు 3,887 రూపాయలు. తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి అనుకుంటే 7,774.

డేటా అక్కరలేనివారికి కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే పథకాలను విడిగా ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన చేసింది. దానిని అనుసరించి 2025 జనవరిలో ఎయిర్‌టెల్ 365 రోజులకు 1,849 రూపాయల పథకాన్ని తెచ్చింది. జియో కూడా 336 రోజులకు 1,748 రూపాయలతో ఒక పథకాన్ని ప్రకటించింది. డేటా పథకంతో పోల్చితే ఇది సగానికన్నా తక్కువ. పెద్దల విషయంలో ఎక్కువగా ఉపయోగపడే మార్పు ఇదే. ఎక్కువమందికి తెలియనిదీ ఇదే.

ఈ అంకెలతో రెండు ఇళ్ళను ఊహించుకుందాం. ధరలు రేపు మారవచ్చును. లెక్క కట్టే పద్ధతి మాత్రం మారదు.

మొదటిది పల్లెలో తల్లిదండ్రులిద్దరే ఉండే ఇల్లు. వారికి ఫైబర్ కనెక్షన్ పెట్టిస్తే ఏడాదికి సుమారు 5,650 రూపాయలు. ఇద్దరికీ కాల్స్ పథకాలు 3,698. మొత్తం 9,348. అలాకాక ఒకరి ఫోనుకు డేటా పథకం, మరొకరికి కాల్స్ పథకం తీసుకుంటే 5,736 రూపాయలతో ముగుస్తుంది. నెలకు 478 రూపాయలు. రెండవ ఫోనుకు అవసరమైన వేళ మొదటి ఫోను నుంచి హాట్‌స్పాట్ ఇవ్వవచ్చును. ఊరిలో సిగ్నల్ బాగుంటే ఇద్దరే ఉన్న ఇంటికి ఫైబర్ అనవసరపు భారం. పట్నంలో ఉన్న బిడ్డలు ప్రేమకొద్దీ పెట్టించిన కనెక్షన్ ఆరు నెలల తరువాత గోడకు వ్రేలాడే పెట్టెగా మిగలడానికి కారణం ఇదే.

రెండవది బొమ్మనహళ్ళిలోని అద్దె ఇల్లు. కొడుకు, కోడలు, ఇద్దరు బడి పిల్లలు, తల్లిదండ్రులు కలిసి ఆరుగురు. కొడుకు, కోడలు బయట పనిచేసేవారు కనుక వారి మొబైల్ డేటా ఎలాగూ ఉండవలసిందే. తల్లిదండ్రుల రెండు డేటా పథకాలకు ఇప్పటికే 7,774 అవుతున్నది. వాటిని కాల్స్ పథకాలుగా మార్చి ఇంటికి ఫైబర్ పెట్టిస్తే 9,348. అదనపు భారం ఏడాదికి 1,574, అంటే నెలకు 131 రూపాయలు. ఆ 131కి ఆరుగురికీ ఇంట్లో ఇంటర్నెట్ లభిస్తుంది. పిల్లల పాఠాల కోసం మధ్యమధ్య వేయించే అదనపు డేటా ప్యాకుల ఖర్చు తప్పితే ఈ భారం కూడా తగ్గిపోతుంది. ఇక్కడ ఫైబర్ సమంజసం. అయితే ఆ బిల్లు కుటుంబ ఖర్చు అవుతుందే గాని పెద్దల పింఛను నుంచి చెల్లించవలసినది కాదు. వాడేది ఆరుగురైనప్పుడు మోసేది ఇద్దరు కారాదు.

కనుక ముందుగా లెక్కించవలసినది వేగాన్ని కాదు, ఒక కప్పు కింద ఉన్న తలలను.

వేగం పేరిట జరిగే అమ్మకం

"100 ఎంబీపీఎస్ లేనిదే వీడియో రాదు" అని అమ్మకందారు చెప్పే మాటను యథాతథంగా నమ్మనక్కరలేదు. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానంలో కనీస వేగం 256 కేబీపీఎస్. 2023 జనవరిలో ప్రభుత్వం దానిని 2 ఎంబీపీఎస్‌గా నిర్వచించింది. వాట్సాప్ వీడియో కాల్‌కు రెండు మూడు ఎంబీపీఎస్, నాణ్యమైన సినిమాకు సుమారు 5 ఎంబీపీఎస్ చాలును. ఒకే వేళ ఒకరు కాల్‌లో, ఒకరు పాఠంలో, ఇద్దరు టీవీ ముందు ఉన్నా 30 ఎంబీపీఎస్ సరిపోతుంది. ఇంట్లో ఒక మూల వీడియో ఆగిపోతున్నదంటే ముందుగా రౌటర్‌ను ఇంటి నడిమికి మార్చి చూడాలి. గోడల వలన కలిగే లోపానికి పై పథకం కొనడం మందు కాదు.

టీవీ సంగతిని కూడా ఇదే లెక్కలో చేర్చుకోవాలి. 2023 సెప్టెంబరులో బెంగళూరుతో సహా ఎనిమిది నగరాలలో ప్రారంభమైన జియో ఎయిర్‌ఫైబర్, తీగ లేకుండా, టీవీ ఛానెళ్ళతో కలిపి 599 రూపాయల పథకాన్ని ప్రకటించింది. పన్నుతో అది 707. ఇప్పుడు కేబుల్‌కు కడుతున్న మొత్తాన్ని ఇంటర్నెట్ ధరకు కలిపి, ఆ తరువాతనే ఇటువంటి ఉమ్మడి పథకంతో పోల్చాలి. పెద్దలు చూసే తెలుగు ఛానెళ్ళు అందులో ఉన్నవో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

బొమ్మనహళ్ళి వంటి చోట మరికొన్ని జాగ్రత్తలు అవసరం. కొన్ని భవనాలలో యజమాని అనుమతించిన కేబుల్ మాత్రమే లోపలికి వస్తుంది. ఇల్లు మాట్లాడుకునే నాడే ఈ సంగతి అడగడం మంచిది. 2024లో బెస్కాం విద్యుత్ స్తంభాలపై అనధికారంగా వ్రేలాడుతున్న కేబుళ్ళను తొలగించడం మొదలుపెట్టింది. చౌకగా ఇచ్చే స్థానిక ఆపరేటర్ తీగ ఏ దారిన వస్తున్నదో చూసుకోవాలి. వఠారంలో పక్కింటివారితో పాస్‌వర్డ్ పంచుకుని ఖర్చు సగం చేసుకోవడం కద్దు. ఆ కనెక్షన్ మీద ఏ తప్పు జరిగినా ముందుగా జవాబు చెప్పవలసినది ఎవరి పేరిట ఉన్నదో వారే అని మరువరాదు.

ఏడాది సొమ్ము ముందే కడితే అమరిక రుసుము లేదని ఆశ చూపుతారు. ఏడాది మొత్తమైన 5,650 ఒక నెల పింఛనును మించిన సొమ్ము. ఇల్లు మారే అవకాశం ఉన్న అద్దెదారులు, ఊరికీ నగరానికీ తిరిగే పెద్దలు నెలనెలా, లేదా మూడు నెలలకు కట్టడమే క్షేమం. రౌటర్‌కు డిపాజిట్ కడితే రసీదు తీసుకోవాలి. సేవ సరిగా లేకుంటే ముందు సంస్థ ఫిర్యాదు కేంద్రంలో నమోదు చేసి డాకెట్ సంఖ్య అడగాలి. అక్కడ తేలకుంటే అదే సంస్థలోని అప్పీలు అధికారి వద్దకు వెళ్ళవచ్చును. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. "మీ కనెక్షన్ ఆగిపోతుంది, ఈ లింకు నొక్కండి" అని వచ్చే సందేశాలకు పెద్దలే సులభంగా చిక్కుతారు. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోను చేయాలని ఇంటి గోడ మీద పెద్ద అంకెలతో వ్రాసి ఉంచడం మంచిది.

ప్రభుత్వాలు చేయదగినది

కుటుంబం ఎంత పొదుపుగా లెక్క కట్టినా 12 శాతం 2 శాతం కాదు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రారంభమైనప్పుడు ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలే. ఆ ధర నిలవలేదు. కేరళ ప్రభుత్వం 2023 జూన్‌లో ప్రారంభించిన కేఫోన్ పథకం 20 లక్షల పేద కుటుంబాలకు ఉచిత కనెక్షన్‌ను లక్ష్యంగా చెప్పి, తక్కినవారికి 299 రూపాయల నుంచి పథకాలను పెట్టింది. బ్రిటన్‌లో పింఛను సహాయం పొందే వృద్ధులకు సంస్థలు తక్కువ ధరకు ప్రత్యేక పథకాలను ఇస్తున్నవి. అమెరికాలో నెలకు 30 డాలర్ల వరకు సాయం చేసిన పథకంలో 2 కోట్ల 30 లక్షలకు పైగా కుటుంబాలు చేరినా, నిధులు అయిపోయి 2024 జూన్ 1న అది నిలిచిపోయింది. ధర తగ్గించి ప్రారంభించడం కన్నా దానిని నిలబెట్టడమే కష్టమని ఈ అనుభవాలు చెబుతున్నవి.

మన దేశంలో దారి లేకపోలేదు. గ్రామీణ వినియోగదారుల ఇంటి ఇంటర్నెట్ బిల్లులో సగం, నెలకు 200 రూపాయలకు మించకుండా, నేరుగా ఖాతాలో జమ చేసే పథకాన్ని ప్రయోగాత్మకంగా చేపట్టాలని ట్రాయ్ 2021 ఆగస్టులో సిఫారసు చేసింది. అది మన పల్లెల పింఛనుదారుల ఖాతాలకు చేరలేదు. టెలికాం సంస్థల ఆదాయంలో 5 శాతం చొప్పున వసూలయ్యే నిధి, నేటి డిజిటల్ భారత్ నిధి, ఇటువంటి పనుల కొరకే ఉన్నది. సేవలన్నీ ఫోనులోకి మార్చిన ప్రభుత్వం ఆ ఫోనుకయ్యే ఖర్చులో పింఛనుదారుకు చేయూతనివ్వడం దానం కాదు, బాధ్యత.

ఊరి పింఛను విషయంలో ఇటువంటి సడలింపు సాధ్యమేనని ఇప్పటికే రుజువైంది. వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడవ నెలలో మొత్తం కలిపి ఇచ్చే వెసులుబాటు ఆంధ్రప్రదేశ్‌లో 2024 చివర వచ్చింది. బొమ్మనహళ్ళి నుంచి ప్రతి నెలా బస్సు ఎక్కే పెద్దలకు అది కొంత ఊరట. సిఫారసు చేసిన ఆ 200 రూపాయలు కూడా వస్తే, ఇంటర్నెట్ బిల్లులో దాదాపు సగం తీరుతుంది. అంతవరకు ప్రతి కుటుంబం ఒక సాయంత్రం కూర్చుని, ఇంట్లోని ఫోనులన్నిటి రీఛార్జులను ఒక కాగితం మీద వ్రాసి, 13తో హెచ్చవేసి, ఏడాది మొత్తాన్ని చూసుకోవాలి. ఏ కనెక్షన్ కావాలో ఆ కాగితమే చెబుతుంది.