పక్కలోకం కబురు

మొన్న సాయంకాలం ఎదురింటి పిన్నిగారు గుమ్మంలో ఆపి, "జంట లోకాలున్నాయట కదా నాయనా, అక్కడ మా పెద్దవాడు బతికే ఉంటాడా?" అని అడిగారు. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. యోగవాసిష్ఠంలో లీల కథైతే చెప్పేద్దును. ఆవిడ అడిగింది కథ కాదు.

జనం ఒకే మూట కడతారు గాని, అదనపు పరిమాణాలు వేరు, జంట లోకాలు వేరు. పొడవు, వెడల్పు, ఎత్తు, కాలం, వీటికి తోడు అయిదోది ఉండవచ్చునని 1921లో కలూజా అనే జర్మను గణితజ్ఞుడు ప్రకటించాడు. అది కంటికి ఆననంత సన్నగా చుట్టుకుని ఉంటుందన్నాడు 1926లో క్లైన్. దూరాన్నుంచి దండెం తాడు గీతలాగే ఉంటుంది. దానిమీది చీమకు చుట్టూ తిరిగే చోటుంటుంది. ఆ చుట్ట మరీ చిన్నది కాకపోతే, అతి దగ్గర వస్తువుల మధ్య ఆకర్షణ న్యూటను లెక్కకు మించాలి. 2020లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు మిల్లీమీటరులో సుమారు ఇరవయ్యో వంతు ఎడం దాకా కొలిచి చూశారు. న్యూటనే నెగ్గాడు.

జంట లోకాలు 1957లో ఎవరెట్ చెప్పినవి: అణువుల ఆటలో జరగగలవన్నీ జరుగుతాయి, ఒక్కో లోకంలో ఒక్కోటి. గణితం పొసుగుతుంది. కాని అక్కడినుంచి కబురు రాదు, కొలిచేదేమిటి?

"ఉన్నా ఉత్తరం రాయలేడు పిన్నిగారూ" అన్నాను.

"పట్నంలో ఉన్నన్నాళ్లూ మాత్రం రాశాడా ఏమిటి" అని ఆవిడ దీపం పెట్టడానికి లోపలికి వెళ్లిపోయారు.