నంబరు ప్లేటు... ఇడ్లీ ప్లేటు!

కొత్త బండి కొంటే టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం ఎంత ముఖ్యమో, నంబరు కుదరడమూ అంతే ముఖ్యం. అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలంటారు కొందరు. పిల్లాడి పుట్టినరోజు కలవాలంటారు ఇంకొందరు. నాలుగు తొమ్మిదులూ వరసగా ఉంటే ఇక చెప్పేదేముంది! 2024 ఆగస్టులో హైదరాబాద్ ఖైరతాబాద్ రవాణా కార్యాలయంలో 'టీజీ 09 9999' వేలంలో 25 లక్షల 50 వేల 2 రూపాయలు పలికింది. బండి ధర కాదండోయ్... ఒట్టి నంబరు ధర!

ఆ సొమ్ము నేరుగా సర్కారు ఖజానాకి వెళ్తుంది. ఫలానా పనికి ఇచ్చామన్న తృప్తి ఇచ్చినవారికి ఉండదు. అమెరికాలో మాత్రం ఇంకో దారి ఉంది.

అక్కడ చాలా రాష్ట్రాల్లో మామూలు ప్లేటు వద్దనుకున్నవారు బొమ్మల ప్లేటు తీసుకోవచ్చు. దానికి కొంత అదనంగా కట్టాలి. ఆ అదనపు సొమ్ములో ఎక్కువ భాగం ప్లేటు ఏ పని కోసం పుట్టిందో ఆ పనికే చేరుతుంది. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలి ఏడుగురు చనిపోయారు. మరుసటి ఏడాదే ఫ్లోరిడా వారి స్మృతిగా ఒక ప్లేటు తెచ్చింది. కల్పనా చావ్లాను బలిగొన్న 2003 నాటి ప్రమాదం తర్వాత కొలంబియా పేరూ దానిమీద చేరింది. తిండి సంగతికొస్తే, ఐడహో రాష్ట్రం 1928లోనే తన బంగాళాదుంపను నంబరు ప్లేటు ఎక్కించి ఊరూరా తిప్పింది. ఈ రెండూ కలిపి, ఊరి హోటళ్లను ఆదుకోవడానికి ఒక ప్లేటు తెస్తే?

మన శ్రీకాకుళం, విజయనగరాల్లో ఆ ముచ్చట తీరదు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేట్లు తప్పనిసరి. అల్యూమినియం రేకు, అశోకచక్రం హోలోగ్రామ్, నంబరు... అంతే. పలాస జీడిపప్పు బొమ్మ వేద్దామన్నా చట్టం ఒప్పుకోదు. ఆ ఏడాదే ఇంకొకటీ పోయింది. ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 35 అంటే విజయనగరం. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఆ నంబరు కనిపిస్తే 'మనోళ్లే' అని పలకరించే వీలుండేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే కోడ్ తెచ్చాక, కొత్త బండిని చూసి ఏ జిల్లాదో చెప్పలేం.

ప్లేటు మీద ఊరు కనిపించకపోయినా, విస్తట్లో కనిపిస్తుంది. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా పదహారో నంబరు జాతీయ రహదారి పొడవునా లారీ డ్రైవరుకు వేడి ఇడ్లీ పెట్టేది చిన్న హోటలే. అరసవల్లి రథసప్తమికి వచ్చినవారికీ, పైడితల్లమ్మ సిరిమానుకు వచ్చినవారికీ ఆకలి తీర్చేదీ అదే. అక్కడి చట్నీలోకి కొబ్బరి, ఉప్మాలోకి జీడిపప్పు, అంబలిలోకి చోడిపిండి ఈ నేల మీదివే. హోటలు నడిస్తే దాని వెనక రైతూ నడుస్తాడు.

కానీ ఆ పొయ్యి ఆరిపోవడానికి ఎంతోసేపు పట్టదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. 2020లో కరోనా వచ్చి రోడ్లనే ఖాళీ చేసింది. పెద్ద హోటలుకు బీమా ఉంటుంది, బ్యాంకు ఉంటుంది. రేకుల షెడ్డులో అట్లు పోసే ఆవిడకు ఉన్నది చేతి వడ్డీ అప్పే.

ఆమెకు లక్షలు అక్కర్లేదు. కరోనా ఏడాదిలో వీధి వ్యాపారుల కోసం కేంద్రం స్వనిధి పథకం మొదలుపెట్టినప్పుడు తొలి విడత అప్పు 10 వేలు ఉండేది. ఆ లెక్కన ఖైరతాబాద్‌లో ఒక్క నంబరు తెచ్చిన సొమ్ముతో 255 మందికి మళ్లీ పొయ్యి వెలిగించుకునే పెట్టుబడి ఇవ్వొచ్చు!

బొమ్మల ప్లేటుకు చట్టం అడ్డం కావచ్చు. ఫ్యాన్సీ నంబర్ల సొమ్ము మాత్రం రాష్ట్రం చేతిలోదే. ఏ జిల్లా బండి మీద వచ్చిన సొమ్ములో కొంత ఆ జిల్లా చిన్న హోటళ్లకు ఆపద నిధిగా పక్కన పెడితే, వేలంలో గెలిచినవారికి నంబరుతోపాటు పుణ్యమూ దక్కుతుంది. ఎంత ఖర్చయిందో, ఎవరికి చేరిందో ఏటా నోటీసు బోర్డు మీద పెడితే అనుమానాలూ ఉండవు.

అది జరిగేదాకా ఇంటిల్లిపాదీ చేయగల పని ఒకటుంది. ఈసారి బండి తీసినప్పుడు అద్దాల హోటలు దాటి, ఆ పక్కనున్న రేకుల షెడ్డు దగ్గర ఆపండి. నాలుగు ప్లేట్ల ఇడ్లీ చెప్పండి. ఆ ప్లేటుకు వేలం అక్కర్లేదు, డబ్బు నేరుగా పొయ్యి దగ్గరికే చేరుతుంది.