వరుస ఇళ్లు: చట్టం చేయి అందని చోట ఒప్పందమే రక్ష

ఖరగ్‌పూర్‌లోని తెలుగు రైల్వే కుటుంబాలకు పదవీ విరమణ అంటే ఉద్యోగంతోపాటు ఇంటిని కూడా వదులుకోవడమే. బెంగాల్ నాగపూర్ రైల్వే 19వ శతాబ్దం చివర ఈ ఊరిని జంక్షన్‌గా మలచినప్పటి నుంచి ఆంధ్ర ప్రాంతపు కార్మికులు ఇక్కడికి తరలివచ్చారు. తరతరాలుగా క్వార్టర్లలోనే జీవించిన వారికి, విరమణ తరువాత వాటిని ఖాళీ చేసేందుకు దొరికే గడువు కొద్ది నెలలే. ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ కలిపి చేతికందే సొమ్ము ఒక్కసారి పోతే మళ్లీ వచ్చేది కాదు.

ఐఐటి ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న ప్రేమ్ బజార్ వంటి ప్రాంతాలలో విడిగా స్థలం కొని ఇల్లు కట్టుకోవడం అటువంటి కుటుంబానికి భారమే. ఒకే నేలపై పక్కపక్కన, ఉమ్మడి గోడలతో లేచే వరుస ఇళ్లు మధ్యేమార్గంగా కనిపించడం సహజం. అయితే ఈ పద్ధతిలో ఒక ఇంటి లోపం ఆ ఇంటితోనే ఆగదన్నది గమనార్హం.

కొనుగోలుదారుల రక్షణకు పార్లమెంటు 2016లో స్థిరాస్తి నియంత్రణ చట్టాన్ని చేసింది. పశ్చిమ బెంగాల్ మాత్రం 2017లో సొంత చట్టం తెచ్చుకున్నది. ఒకే విషయంపై కేంద్ర చట్టం ఉండగా దానికి పోటీగా మరో చట్టం చెల్లదంటూ సుప్రీంకోర్టు 2021 మే 4న దానిని కొట్టివేసింది. అంతకుముందు జరిగిన రిజిస్ట్రేషన్లకు మాత్రం భంగం కలగనీయలేదు. ఆ తీర్పుతో రాష్ట్రం కేంద్ర చట్టం పరిధిలోకి వచ్చింది.

ఈ చట్టం ప్రకారం రిజిస్టరైన ఒప్పందం లేకుండా నిర్మాణదారు ఇంటి ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించిన మేరకే దానిని వాడాలి. ఇల్లు అప్పగించిన 5 సంవత్సరాల లోపు నిర్మాణ లోపం బయటపడితే సొంత ఖర్చుతో సరిచేయాలి.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. స్థలం 500 చదరపు మీటర్లకు మించకపోయినా, అన్ని దశలూ కలిపి ఇళ్లు ఎనిమిదికి మించకపోయినా రిజిస్ట్రేషన్ అవసరం లేదని కేంద్ర చట్టమే మినహాయించింది. ఈ పరిమితిని తగ్గించే అధికారం రాష్ట్రాలకు ఉన్నది. ఎంత తగ్గించినా నాలుగైదు ఇళ్ల వరుస ఆ గీతకు ఇవతలే మిగిలిపోయే అవకాశం ఉన్నది. చిన్న పట్టణాలలో సామాన్యుడికి అందుబాటులో ఉండేవి సాధారణంగా అటువంటివే.

కనుక చట్టం బలవంతపెట్టని చోట ఆ నిబంధనలనే ఒప్పందంలో రాయించుకోవడం ఉత్తమం. వాయిదాలను తేదీలతో కాక పని దశలతో ముడిపెట్టాలి. పునాది పూర్తయ్యాక ఒకటి, శ్లాబు పడ్డాక మరొకటి, డ్రైనేజీ కలిపాక ఇంకొకటి చెల్లించాలి. ప్రతి దశనూ నిర్మాణదారుతో సంబంధం లేని ఇంజనీరు పరిశీలించాలి. ఆయన ఫీజును కొనుగోలుదారులందరూ పంచుకుంటే ఒక్కొక్కరి వాటా స్వల్పమే.

డిజైను దశలోనే తేల్చవలసినవి మరికొన్ని ఉన్నాయి. ఉమ్మడి గోడ ఎవరిది, దాని మరమ్మతు ఎవరిది అన్నది దస్తావేజులో ఉండాలి. మధ్య ఇళ్లకు ముందు వెనుకల నుంచే వెలుతురు వస్తుంది కనుక మెట్లపై వెలుతురు మార్గం నక్షాలోనే చూపాలి. వరుస పొడవు 45 మీటర్లు మించితే విస్తరణ జాయింటు విషయం ఆలోచించాలని భారతీయ ప్రమాణాల సంస్థ కాంక్రీటు నియమావళి సూచిస్తున్నది. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటయితే 10 రోజులు తడపాలన్నదీ ఆ నియమమే. వర్షపు నీటి కాలువ వాటం మొత్తం వరుసకు ఒకేసారి నిర్ణయించకపోతే, చివరి ఇంటివారు ఏటా వానాకాలంలో ఆ ఫలితం అనుభవించవలసి వస్తుంది.

పునాదులన్నీ ఒకేసారి వేయడం మరో ముఖ్యాంశం. అమ్ముడైన ఇంటిని ముందు కట్టి మిగిలినవి ఆపితే, తరువాతి తవ్వకం పక్క ఇంటి గోడకు ముప్పు తేగలదు. అమ్మకాల వేగాన్ని బట్టి నిర్మాణం నడిపే నిర్మాణదారు ఈ నష్టాన్ని లెక్కించకపోవచ్చు. లెక్కించవలసింది కొనుగోలుదారే.

ఒంటరిగా అడిగితే ఈ షరతులలో ఏదీ నెగ్గకపోవచ్చు. గోడను పంచుకోబోయే నాలుగైదు కుటుంబాలు అడ్వాన్సు ఇవ్వకముందే ఒక్కటై, ఒకే న్యాయవాదిచేత ఒకే నమూనా ఒప్పందం రాయించుకుంటే నిర్మాణదారు కాదనడం కష్టం. సంతకాలు అయ్యాక కలిసికట్టుగా నిలిచినా ఆ బలం తిరిగి రాదు.