తలసరి లెక్కకు అందని జబ్బు ఖర్చు

ద్వారకా నగర్ పౌర గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు ఇది కంఠతా వచ్చు: ప్రపంచ బ్యాంకు తలసరి ఆదాయాన్ని బట్టి దేశాలను నాలుగు తరగతులుగా విడదీస్తుంది, మనది దిగువ మధ్య ఆదాయ దేశం. 1990లో వచ్చిన మానవాభివృద్ధి సూచిక చదువునూ ఆయుర్దాయాన్నీ కలిపింది.

వైద్యుడిగా నాది మరో ప్రశ్న: జబ్బు చేస్తే ఖర్చెవరిది? 2013-14లో దేశ వైద్య వ్యయంలో 64.2 శాతం జనం జేబులోంచే పోయింది. 2021-22కి అది 39.4 శాతానికి తగ్గింది. మంచిదే, కానీ చాలదు. ఒక్క గుండెపోటుతో మధ్యతరగతి ఇల్లు అప్పుల్లో పడటం చూస్తూనే ఉన్నాం. ఆసుపత్రి బిల్లు కోసం ఇంట్లో బంగారం తాకట్టుకు వెళ్లని రోజే మనం అభివృద్ధి చెందినట్టు.

ముప్పై దాటినవారు ఏటా బీపీ, షుగర్ చూపించుకోండి. పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం.