బాలింతకు సొర పిట్టు పెట్టే ముందు

బాలింతకు సొర చేప పిట్టు పెడితే పాలు బాగా పడతాయని మన పెద్దవాళ్ళ నమ్మకం. కోస్తాలో ఒక రకానికి పాలసొర అనే పేరే ఉంది. మా క్రోసూరుకు సముద్రం దగ్గరేమీ కాదు, బాపట్ల వైపు చాలా దూరం పోవాలి. అయినా కూతురు పురిటికి వచ్చిందంటే వాకబు చేసి మరీ తెప్పించేవాళ్ళున్నారు. ఆ ప్రేమను తప్పుపట్టను. కానీ ఆ చేపలో ఇంకేం ఉందో కూడా మనం అడగాలి.

బొగ్గు మండించే కరెంటు ప్లాంట్ల పొగ నుంచీ, ఫ్యాక్టరీల వ్యర్థాల నుంచీ పాదరసం సముద్రంలో చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీ అనే విషంగా మారుస్తాయి. నాచు నుంచి చిన్న ప్రాణులకూ, వాటి నుంచి చిన్న చేపలకూ, వాటిని తినే పెద్ద చేపలకూ పోయేకొద్దీ అది చిక్కబడుతుంది. సొర ఉండేది చివరి మెట్టు మీద. ఉప్పూ పసుపూ వేసి ఎంత కడిగినా, ఎంత ఉడికించినా ఆ విషం పోదు, కండలోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి. అందుకే అమెరికా ఆహార, ఔషధ సంస్థ గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ, చిన్నపిల్లలూ సొర తినొద్దని చెబుతోంది. మనం మాత్రం ఏరికోరి బాలింతకే పెడుతున్నాం.

జపాన్‌లో మినమాట అనే ఊరుంది. చిస్సో అనే రసాయనాల కంపెనీ 1932 నుంచి 1968 దాకా పాదరసం కలిసిన నీళ్ళను అక్కడి సముద్రంలోకి వదిలింది. పిల్లులు పిచ్చెత్తినట్టు గెంతి చచ్చిపోయాయి. 1956లో మనుషుల జబ్బు బయటపడింది. కడుపులో మాయ బిడ్డను కాపాడుతుందని అప్పటిదాకా డాక్టర్లు నమ్మేవాళ్ళు. కానీ పెద్దగా జబ్బు కనపడని తల్లులకు కూడా కాళ్ళూ చేతులూ వంకర్లు పోయిన, మాట రాని పిల్లలు పుట్టారు. తల్లి తిన్న విషం మాయ దాటి బిడ్డకు చేరింది. 1959లో కంపెనీ ఆసుపత్రి డాక్టరే ఫ్యాక్టరీ నీళ్ళు కలిపిన తిండి పిల్లికి పెట్టి, అదే జబ్బు రావడం చూశాడు. కంపెనీ ఆ సంగతి దాచింది. పైగా నీళ్ళు శుభ్రం చేసే యంత్రం పెట్టామంది. అది పాదరసాన్ని తీసే యంత్రమే కాదు. ప్రభుత్వం నిజం ఒప్పుకునేసరికి 1968 వచ్చింది.

శుద్ధి చేసే వదులుతున్నాం అనే మాట మన దగ్గరా వింటున్నదే. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగు శుద్ధి చేసే ప్లాంటు ఉంది. అందులోంచి బయటికొచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. మందు బిళ్ళ వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. అనకాపల్లి జిల్లా రాజయ్యపేట మత్స్యకారులు 2025లో బల్క్ డ్రగ్ పార్కు వద్దని రోడ్డెక్కారంటే, వాళ్ళది ఉత్త భయం అని నేననలేను. ఫ్యాక్టరీలు లేకపోతే పిల్లలకు ఉద్యోగాలెక్కడివి అంటారు. నిజమే. కానీ వేటకు పోవడం కూడా ఉద్యోగమే కదా.

ఇలాంటి విషయాల్లో సలహాలన్నీ చివరికి ఆడవాళ్ళకే వస్తాయి. ఇది తినకు, అది వండకు అని. కంటికి కనపడని విషాన్ని వంటింట్లో ఎలా పట్టుకోగలం? పట్టుకోవలసింది గొట్టం దగ్గర. సముద్రంలోకి వదిలే నీళ్ళను, రేవుల్లో దిగే చేపల్ని కంపెనీతో సంబంధం లేనివాళ్ళు పరీక్ష చెయ్యాలి. ఫలితాలు తెలుగులో, చేపల మార్కెట్లో బోర్డు మీద పెట్టాలి. గర్భిణులు ఏ చేపలు తినొచ్చో అంగన్‌వాడీలో చెప్పాలి.

ఇదంతా చదివి చేపలు మానేయకండి. పసిబిడ్డ మెదడు ఎదగడానికి అవి మంచివే. కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపల్లో పాదరసం చాలా తక్కువ, ధరా తక్కువే. బాలింతకు అవి పులుసు పెట్టండి. సొరను మాత్రం ఆ కొన్నాళ్ళు పక్కన పెట్టండి. అత్తగారు ఎందుకని అడిగితే మినమాట తల్లుల కథ చెప్పండి.